ఓటరు జాబితాలో ఆడవాళ్ళ పేరు



ప్రతి ఏడు ఈ పుస్తకంలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి నుంచి వచ్చింది ఎంత, వసూలు ఎంత అనే లెక్కలే ఎక్కువ ఉంటాయి. ఈసారి ఓటరు అవగాహన పని గురించి మమ్మల్ని రాయమన్నారు. రాద్దామని కూర్చుంటే మూడు ముక్కల్లో అయిపోయింది: ర్యాలీ తీసినం, ముగ్గుల పోటీ పెట్టినం, ప్రతిజ్ఞ చేసినం. ఇది రాస్తే ఎవరు చదువుతారు? అన్ని సంఘాలూ అదే చేసినయి. అసలు ఎన్నికల సంఘం అంత పెద్ద ఆఫీసు ఢిల్లీలో ఉండి, మన పొదుపు సంఘాల దగ్గరికి ఎందుకు రావాల్సి వచ్చింది, మనకంటే ముందు ఈ పని ఎవరు చేసేవాళ్ళు అని తెలుసుకుందామనుకున్నం. చదువుకున్న పిల్లలను అడిగినం, లైబ్రరీలో పుస్తకాలు చూసినం. తెలిసినకొద్దీ ఒక్క సంగతి మమ్మల్ని పట్టుకుంది. అది పేరు సంగతి.

ముందు మా ఊళ్ళో జరిగింది చెప్తాం. ఓటరు జాబితా సవరణ సమయంలో బీఎల్ఓతో కలిసి మేము ఇల్లిల్లూ తిరిగినం. మా ఊళ్ళో బీఎల్ఓ అంటే అంగన్‌వాడీ టీచరే. ఒక ఇంటి ముందు పెద్దమ్మ కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నది. "పెద్దమ్మా, నీ పేరేంది?" అని అడిగినం. "నాకు పేరెందుకు బిడ్డా, ఎల్లయ్య పెండ్లామని రాసుకో. ఊరందరికీ ఎరుకే" అన్నది. అందరం నవ్వినం. ఆమె కూడా నవ్వింది. ఆధార్ కార్డు తెచ్చి చూపిస్తే గానీ పేరు బయటికి రాలేదు.

ఆ మాటకు నవ్వినందుకు తర్వాత మాకే సిగ్గనిపించింది. ఎందుకంటే ఇదే మాట అన్నందుకు ఈ దేశంలో మొదటి ఎన్నికలప్పుడు సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళకు ఓటు లేకుండా పోయింది.

ఆ కథ చెప్పాలంటే ఇంకొంచెం వెనక్కి పోవాలి.

ఆడవాళ్ళకు ఓటు కావాలని అడగడం మన దగ్గర కొత్తది కాదు. 1917 డిసెంబరులో మాంటేగు అనే ఇంగ్లీషు మంత్రి మద్రాసు వచ్చినప్పుడు, సరోజినీ నాయుడు గారు ఆడవాళ్ళ బృందాన్ని తీసుకొనిపోయి ఆయనను కలిశారు. సరోజినీ నాయుడు గారు మన హైదరాబాదులో పుట్టి పెరిగినవారే. మొగవాళ్ళకు ఇచ్చే ఓటు ఆడవాళ్ళకూ ఇవ్వాలని అడిగారు. తర్వాత 1921లో మద్రాసు రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఓటు వచ్చింది. అప్పట్లో కోస్తా, రాయలసీమ అక్కలు ఆ రాష్ట్రంలోనే ఉండేవాళ్ళు. కానీ ఆ ఓటుకు ఆస్తి ఉండాలి. భూమి పట్టా మొగవాళ్ళ పేరు మీదే ఉండే కాలంలో ఆస్తి ఉన్న ఆడది ఎక్కడ దొరుకుతుంది? వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందికే వచ్చింది. నిజాం రాజ్యంలో ఉన్న మన ఊళ్ళల్లో అయితే మామూలు ఆడవాళ్ళు ఓటు అనే మాటనే ఎరుగరు.

1935లో ఇంగ్లీషువాళ్ళు ఇంకో చట్టం చేశారు. ఇందులో ఒక వింత ఉంది. చదువుగానీ ఆస్తిగానీ ఉన్న ఆడవాళ్ళకు ఓటు ఇచ్చారు. అవి లేకపోయినా ఆస్తి ఉన్న మొగాయన భార్య అయితే చాలన్నారు. అట్లాంటి ఆయన చనిపోతే ఆయన వితంతువుకూ ఇచ్చారు. అట్ల సుమారు 60 లక్షల మంది ఆడవాళ్ళకు ఓటు వచ్చిందంటారు. అంటే ఓటు కూడా పుస్తెలతో పాటు వచ్చిందన్నమాట. అఖిల భారత మహిళా సభ వాళ్ళు ఈ పద్ధతి మాకొద్దన్నారు. పెద్దవాళ్ళైన అందరికీ ఓటు ఇవ్వండి, ఫలానా ఆయన భార్య అని ఇవ్వకండి అని పట్టుబట్టారు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, పెద్దింటి ఆడవాళ్ళు. ఆ 60 లక్షల్లో తమకు ఎట్లయినా ఓటు వస్తుంది. అయినా వద్దన్నారు. ఈ సంగతి చదివినప్పుడు మాకు వాళ్ళ మీద గౌరవం కలిగింది.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం రాసే సభలో 15 మంది ఆడవాళ్ళు ఉన్నారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారు వాళ్ళలో ఒకరు. ఆ రాజ్యాంగంలో 326వ అధికరణం కింద 21 ఏళ్ళు నిండిన అందరికీ ఓటు అని రాశారు. చదువు అడగలేదు, ఆస్తి అడగలేదు, మొగుడెవరని అడగలేదు. ఎన్నికల సంఘం 1950 జనవరి 25న ఏర్పడింది. గణతంత్రం రావడానికి ఒక్కరోజు ముందు. ఓటరు సహాయం కోసం మనం ఫోన్ చేసే 1950 నంబరు ఆ సంవత్సరమే. మా మీటింగుల్లో ఈ మాట చెప్తే ఇక నంబరు ఎవరూ మర్చిపోతలేరు.

మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గారు. లెక్కల్లో గట్టి మనిషి అంటారు. 17 కోట్లకు పైగా ఓటర్లు, అందులో నూటికి 85 మందికి చదువు రాదు. ఇంతమంది పేర్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి. ఆ పని రాజ్యాంగం పూర్తి కాకముందే 1948లోనే మొదలైంది.

ఇక్కడ వచ్చింది తిప్పలు. రాసుకునేవాళ్ళు గడప ముందు నిలబడి ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు అడిగితే చాలాచోట్ల చెప్పలేదు. పరాయి మొగాయనకు ఆడదాని పేరు ఎట్ల చెప్తారు? 'ఫలానా వాని భార్య', 'ఫలానా వాని తల్లి', 'ఫలానా వాని బిడ్డ' అని చెప్పారు. రాసుకునేవాళ్ళూ అట్లనే రాసుకొని పోయారు. బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్య భారత్, రాజస్థాన్, వింధ్య ప్రదేశ్ వంటిచోట్ల ఇది మరీ ఎక్కువ. జాబితాలు ఢిల్లీకి చేరాక చూస్తే లక్షల మంది ఆడవాళ్ళు పేరు లేకుండా ఉన్నారు.

సేన్ గారు ఒప్పుకోలేదు. ఓటరు అంటే పేరున్న మనిషి, సొంత పేరు చెప్పని వాళ్ళను జాబితాలో ఉంచొద్దు అన్నారు. పేర్లు రాబట్టండని అధికారులకు చెప్పారు. పార్టీలను, మహిళా సంఘాలను కూడా ఆడవాళ్ళకు నచ్చజెప్పమని అడిగారు. బీహార్‌లో ఇందుకోసమే ఒక నెల గడువు పెంచారు. కొందరు చెప్పారు, కొందరు చెప్పలేదు. దేశంలో సుమారు 8 కోట్ల మంది ఆడ ఓటర్లుంటే, వాళ్ళలో దాదాపు 28 లక్షల మంది పేర్లు కొట్టేశారు.

ఇది సరైనదా, తప్పా అని మా సంఘం మీటింగులో పెద్ద వాదన జరిగింది. కొందరు తప్పన్నారు. చెప్పకూడదని ఆమెకు ఇంట్లో నేర్పింది మొగవాళ్ళు, శిక్ష మాత్రం ఆమెకు పడింది, ఇదేం న్యాయం అన్నారు. ఇంకొందరు, 'భార్య' అని రాస్తే ఎవరైనా పోయి ఓటేసి రావచ్చు కదా, దొంగ ఓట్లు పడతాయి కదా అన్నారు. సేన్ గారైతే, దీని మీద గొడవ కావడమే మంచిది, వచ్చే ఎన్నికల నాటికి ఈ అలవాటు పోతుంది అనుకున్నారట. ఆయన అనుకున్నట్టే తర్వాతి ఎన్నికలకు చాలామంది పేర్లు చేరాయి. కానీ 1952లో ఓటు వేయకుండానే చనిపోయిన ఆడవాళ్ళు కూడా ఆ 28 లక్షల్లో ఉండి ఉంటారు కదా. మా మాట అడిగితే, రెండు నెలలు ఎక్కువ తిరగాల్సింది. ఆడవాళ్ళను పంపి అడిగించాల్సింది. మేము గడప ముందు నిలబడి చూసినం కాబట్టి చెప్తున్నం: బీఎల్ఓ ఒక్కరే అడిగితే రాని జవాబు, పక్కన తెలిసిన ఆడమనిషి ఉంటే వస్తుంది.

పేరు చెప్పకపోవడం ఉత్తరాది వాళ్ళ అలవాటని మనం పక్కకు పెట్టడానికి లేదు. మన దగ్గర పెండ్లైన కొత్తలో గడప దగ్గర కొత్త జంటను ఆపి, ఒకరి పేరు ఒకరితో చెప్పిస్తారు. చెప్తేగానీ లోపలికి రానియ్యరు. మా అమ్మమ్మల కాలంలో మొగుని పేరు నోటితో అన్నది ఆ ఒక్కనాడే. తర్వాత ఎవరన్నా అడిగితే పక్కనున్న పిల్లగానితో చెప్పించేవాళ్ళు. పేరు చంద్రయ్య అయితే, "పున్నమి నాడు పైన కనపడుతది సూడు, గదే" అనేవాళ్ళు. సొంత పేరు కూడా ఎక్కడ మిగిలింది? అత్త పేరూ కోడలి పేరూ ఒక్కటే అయితే కోడలి పేరు మారుస్తారు. పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, సంఘం తీర్మానాల పుస్తకంలో ఇంకొక ఇంటిపేరు. దీంతో బ్యాంకులో లోను ఎన్ని రోజులు ఆగుతుందో మీకు మేము చెప్పాల్సిన పనిలేదు. ఓటరు జాబితాలోనూ అదే కథ.

మొదటి ఎన్నికలు 1951 అక్టోబరులో హిమాచల్‌లోని చీనీ అనే కొండ ప్రాంతంలో మొదలైనయి, మంచు పడకముందే అక్కడ ముగించాలని. మిగతా దేశంలో ఎక్కువ భాగం 1952 జనవరి, ఫిబ్రవరిలో జరిగినయి. చదువు రాని జనానికి ఓటు ఎట్ల వేయాలో నేర్పడం ఎన్నికల సంఘానికి అప్పుడు పెద్ద పని. 3,000కు పైగా సినిమా హాళ్ళలో ఓటు గురించి ఒక చిన్న సినిమా వేశారు. రేడియోలో చెప్పారు. ఊళ్ళల్లో ఉత్తుత్తి ఎన్నికలు పెట్టి చూపించారు. మనం ఇప్పుడు సంతలో నమూనా ఓటింగ్ మిషన్ పెట్టి నేర్పుతున్నం కదా, అది కొత్తగా మన సార్లు కనిపెట్టింది కాదు. అప్పటినుంచీ ఉన్నదే.

అప్పుడు ఓటు కాగితం మీద గుర్తులు లేవు. పోటీలో ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఇనుప పెట్టె. పెట్టె మీద వాళ్ళ గుర్తు అంటించి ఉంటుంది. కాంగ్రెసుకు కాడి కట్టిన ఎడ్ల జత, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, ఇట్ల. తెర వెనక్కి పోయి, నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేయాలి. చదువు రానోళ్ళకు ఇంతకంటే సులువు ఏముంటుంది? దేవుని హుండీలాగా అనిపించి పెట్టెకు దండం పెట్టినవాళ్ళు కూడా ఉన్నారట. ఆడవాళ్ళు మొగవాళ్ళ మధ్యలోకి రారని 27 వేలకు పైగా పోలింగ్ బూత్‌లు ఆడవాళ్ళకే ప్రత్యేకంగా పెట్టారు. ఒకరి పేరు మీద ఇంకొకరు రెండోసారి రాకుండా వేలికి చెరగని సిరా పెట్టడం కూడా అప్పుడే వచ్చింది.

మన దగ్గర అప్పుడు హైదరాబాదు రాష్ట్రం. రజాకార్ల దాడులు, సాయుధ పోరాటం, పోలీసు చర్య అన్నీ చూసిన జనం. పోరాటం విరమించి కొద్ది నెలలే అయింది. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ గారి కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు గెలిచారు. ఇది మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆడవాళ్ళ సంగతి మాత్రం తక్కువ చెప్పుకుంటారు. అదే ఎన్నికల్లో ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గారు, బాన్సువాడ నుంచి సంగం లక్ష్మీబాయి గారు, హైదరాబాదు పాతబస్తీ నుంచి మాసుమా బేగం గారు అసెంబ్లీకి గెలిచారు. ఓటనే మాట ఎరుగని చోట, మొట్టమొదటి ఎన్నికలోనే ఆడవాళ్ళు ఓటూ వేసిన్రు, ఎమ్మెల్యేలూ అయిన్రు.

అయితే పేరు జాబితాలో ఎక్కడం వేరు, బూత్‌కు పోవడం వేరు. 1962 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా చూస్తే మొగవాళ్ళు నూటికి 63 మంది ఓటేస్తే, ఆడవాళ్ళు 47 మంది కూడా వేయలేదు. తేడా 16కు పైనే. ఎందుకో మనకు తెలుసు. పొద్దున వంట, పిల్లలు, కూలి. బూత్ పక్క ఊర్లో ఉంటే ఇంకేం పోతారు. ఇంట్లో ఒక ఓటు వేస్తే అందరూ వేసినట్టే అనే మాట కూడా ఉండె. ఈ తేడా తగ్గడానికి యాభై ఏండ్లకు పైగా పట్టింది. 2019లో మొట్టమొదటిసారి దేశం మొత్తం మీద ఆడవాళ్ళ ఓటు శాతం మొగవాళ్ళను కొంచెం దాటింది: వాళ్ళది 67.01, మనది 67.18. చూస్తే పాయింట్లలో తేడా. కానీ 1962 పక్కన పెట్టి చూస్తే చిన్నది కాదు.

మధ్యలో పద్ధతులు ఎన్నో మారినయి. పెట్టెల పద్ధతి పోయి, ఒకే కాగితం మీద అందరి గుర్తులూ అచ్చువేసి రబ్బరు ముద్ర కొట్టే పద్ధతి వచ్చింది. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దించారు. 1993లో శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు ఫోటో గుర్తింపు కార్డు ఇవ్వాలన్నారు. చాలామంది మా అమ్మలు జీవితంలో మొదటిసారి ఫోటో దిగింది ఈ కార్డు కోసమే. కొంగు సరిచేసుకొని, భయం భయంగా చూస్తూ దిగిన ఆ నలుపు తెలుపు ఫోటోలు ఇప్పటికీ మా ఇండ్లల్లో ఉన్నయి. కొందరు చనిపోయాక గోడమీద పెట్టడానికి ఆ ఫోటోనే పెద్దది చేయించిన్రు. ఓటింగ్ మిషన్ మొదట 1982లో కేరళలోని పరవూరులో కొన్ని బూత్‌లలో వాడారు, 2004 నాటికి దేశమంతా వచ్చింది. ఈ మిషన్లు తయారు చేసే రెండు కంపెనీల్లో ఒకటి మన హైదరాబాదులోని ఈసీఐఎల్. మనం బస్సు మారే ఈసీఐఎల్ చౌరస్తా పేరు దానిదే. తర్వాత వీవీప్యాట్ వచ్చింది. బటన్ నొక్కినాక అద్దంలో మన గుర్తున్న చీటీ 7 సెకన్లు కనపడి కింద పడుతుంది. కళ్ళజోడు మర్చిపోకుండా తీసుకొని పొమ్మని పెద్దవాళ్ళకు మేము చెప్పేది అందుకే.

ఓటరుకు నేర్పే పనికి ఎన్నికల సంఘం 2009లో స్వీప్ అని ఒక కార్యక్రమం పెట్టింది. అంతకుముందు ఎన్నికలు జరపడమే వాళ్ళ పని అన్నట్టు ఉండేది. ఎవరు రావట్లేదు, ఎందుకు రావట్లేదు అని వెతికి, వాళ్ళ దగ్గరికి పోవడం స్వీప్ పని. 2011 నుంచి ఎన్నికల సంఘం పుట్టిన రోజు జనవరి 25ను జాతీయ ఓటరు దినోత్సవంగా చేస్తున్నారు. మన మహిళా సంఘాలను పిలిచింది ఈ స్వీప్ కిందనే. వాళ్ళ లెక్క మాకు ఇట్ల అర్థమైంది: కలెక్టరేట్ నుంచి ఊరి దాకా ఎన్నో ఆఫీసులున్నాయి, గడప దాటి వంటింటి దాకా పోగలిగేది సంఘం మనిషి ఒక్కతే.

ఇక్కడ మా తప్పు ఒకటి రాయాలి. నివేదికలో తప్పులు రాయరు అని సీసీ అన్నది గానీ, మిగతా గ్రామ సంఘాలకు పనికొస్తుందని రాస్తున్నం.

2023 నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికలు. దానికి ముందు మేము ఊరంతా తిరిగి, "ఓటరు కార్డు తెచ్చుకోండి, ఓటు వేయండి" అని చెప్పినం. ర్యాలీ ఫోటోలు పంపినం. మెచ్చుకున్నారు కూడా. ఓటింగ్ రోజు మా సంఘం సభ్యురాలు ఒకామె పొద్దున్నే పోయి లైన్లో నిలబడ్డది. చేతిలో కార్డు ఉంది. లోపలికి పోతే జాబితాలో పేరు లేదన్నారు. అంతకుముందు ఏడాది ఆమె భర్త చనిపోతే కొన్ని నెలలు పుట్టింట్లో ఉండి వచ్చింది. ఆ సమయంలో ఇక్కడ ఉండట్లేదని ఎవరో చెప్తే పేరు తీసేశారు. ఇంటికి నోటీసు వచ్చిందో లేదో, వస్తే తాళం వేసిన ఇంటికి ఎవరు చూస్తారు? ఆమె బయటికి వచ్చి మా దగ్గరికి వచ్చింది. కోపం చేసుకోలేదు. "మీరే చెప్పిన్రు కదా అక్కా, కార్డు ఉంటే చాలని" అన్నది. అంతే. మధ్యాహ్నం దాకా మేము ఎవరెవరినో అడిగినం. ఆ రోజు చేసేది ఏమీ లేదన్నారు. నిజంగానే లేదు.

ఆ మాట మేము మర్చిపోలేదు. కార్డు ఉండడం ఓటు ఉండడం కాదు. జాబితాలో పేరు ఉంటేనే ఓటు. పేరు ఉంటే కార్డు లేకపోయినా ఆధార్‌తో వేయొచ్చు, ఉపాధి హామీ జాబ్ కార్డుతో వేయొచ్చు, ఫోటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్‌తోనూ వేయొచ్చు. ఇంటికి ఇచ్చే ఓటరు స్లిప్పు ఒక్కటి చూపిస్తే మాత్రం ఒప్పుకోరు. ఇంత చిన్న ముక్క మాకే సరిగ్గా తెలియకుండా ఊరికి నేర్పబోయినం.

ఆ తర్వాత ర్యాలీ తగ్గించినం, జాబితా పట్టుకున్నం. గ్రామ సంఘం మీటింగులో పొదుపు వసూలు అయిపోయాక, మా బూత్ జాబితాను పేరు పేరున బయటికి చదువుతున్నం. ఎవరి పేరు రాలేదో వాళ్ళు చెయ్యెత్తాలి. కొత్తగా పేరు కావాలన్నా, తీసేసిన పేరు మళ్ళీ ఎక్కాలన్నా ఫారం 6. పేరు తప్పు పడ్డా, ఇల్లు మారినా ఫారం 8. పెండ్లై వచ్చిన కోడళ్ళకు పుట్టింటి ఊళ్ళో పేరు ఉంటే ఇది వేయిస్తే అక్కడిది తీసి ఇక్కడ పెడతారు. చనిపోయినవాళ్ళ పేరు తీయించడానికి ఫారం 7. ఇదివరకు జనవరి 1 నాటికి 18 నిండితేనే రాసేవాళ్ళు, ఇప్పుడు ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తారీఖులు కూడా లెక్కలోకి తీసుకుంటారు. కాలేజీకి పోయే ఆడపిల్లలకు ఇది చెప్పండి. 85 ఏండ్లు దాటినవాళ్ళు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళు అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు ముందే అడిగితే ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారు. బూత్‌కు పోయేసరికి మన పేరు మీద ఎవరో వేసి పోయి ఉంటే తిరిగి రావద్దు, టెండర్ ఓటు అడగాలి. ఇంకొకటి, సర్పంచ్ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, ఢిల్లీ సంఘం కాదు. రెండింటినీ కలిపి మేమే చాలాసార్లు తప్పు చెప్పినం.

పేరు పోయిన ఆ చెల్లెకు ఫారం 6 వేయించినం. 2024 మే 13న పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసింది.

డబ్బుల సంగతి రాయకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఎన్నికల ముందు ఒకాయన వచ్చి, మీ సంఘాల లిస్టు, ఫోన్ నంబర్లు ఇవ్వండి, సంఘానికింత అని చూసుకుంటం అన్నాడు. ఎన్నికల సంఘం మన దగ్గరికి ఏ కారణంతో వచ్చిందో, ఆయనా అదే కారణంతో వచ్చాడు. మనం ప్రతి గడపకూ పోగలం కదా. ఓటుకు డబ్బు ఇచ్చినా తీసుకున్నా ఇద్దరికీ శిక్ష ఉందని మాకు తెలుసు. లిస్టు ఇవ్వలేదు. కానీ అందరం ఒక్కమాట మీద ఉన్నమని రాస్తే అబద్ధమవుతది. "మనం వద్దంటే ఇంకొకరి చేత పంచుతారు, నష్టపోయేది మనమే" అన్నవాళ్ళు మా మీటింగులోనే ఉన్నారు. ఆ మాటకు జవాబు దొరకక ఆ రోజు మీటింగు అట్లనే ముగిసింది. లిస్టు మాత్రం బీరువాలో తాళం వేసి పెట్టినం. పొద్దున అధికారుల ముందు ప్రతిజ్ఞ చేయించి, సాయంత్రం పార్టీ మీటింగుకు జనాన్ని పంపే పని కూడా ఇక వద్దని తీర్మానం రాసుకున్నం. ఎవరికి వారు ఏ పార్టీకైనా పోవచ్చు, సంఘం పేరు మీద పోవద్దు.

మొన్న జాబితా చదివిన రోజు సంగతి చెప్పి ముగిస్తం. ఒక్కొక్క పేరు చదువుతుంటే "ఉన్న", "ఉన్న" అని చెప్తున్నరు. ఒక పేరు దగ్గర ఎవరూ పలకలేదు. రెండోసారి చదివినం. ఈ పేరు గల మనిషి మన ఊళ్ళో ఎవరూ లేరు, చనిపోయిందేమో, ఫారం 7 వేయాలేమో అని ఒకరన్నారు. వెనక నుంచి చింతపండు పెద్దమ్మ లేచింది. "అది నేనే" అన్నది. ఆమె పక్కన కూర్చున్నామె నలభై ఏండ్ల నుంచి పక్కింట్లో ఉంటున్న మనిషి. ఆమె మొఖం దిక్కు చూసి, "ఇదా నీ పేరు?" అని అడిగింది.